ఎనిమిది గంటల జ్ఞాపకం

నారాయణాద్రి ఇంకా నల్గొండ చేరలేదు, ఎదుటి బెర్తు కుర్రాడు అడిగేశాడు. “ఆంటీ, మీ చేతికి ఆ బటన్ ఎందుకు కుట్టించుకున్నారు?”

వాళ్ళమ్మ వాడికి తొడపాశం పెట్టింది. నాకు మాత్రం ముచ్చటేసింది. పెద్దవాళ్ళు అడగరు. ఒకసారి చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరుగుతారు. పెళ్ళిళ్ళలో అయితే పక్కకెళ్ళి మా ఆయన్ని అడుగుతారు, “వదినగారికి ఏమైనా ఆపరేషన్ అయిందా?” అని.

ఎడమ దండచేతి వెనక, జాకెట్టు చెయ్యి అంచున ఉంటుంది ఆ బిళ్ళ. పాతకాలం రూపాయి కన్నా కొంచెం పెద్దది, తెల్లగా, నున్నగా. దాని అడుగున అర సెంటీమీటరు పొడవు సన్నటి తీగ ఒకటి చర్మంలోకి దిగి ఉంటుంది. రక్తంలోకి కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలోకి. ఆ నీటిలో చక్కెర ఎంత ఉందో చూసి నిమిషానికోసారి ఫోనుకి పంపుతుంది. 15 రోజులయ్యాక పీకి పారేసి, రెండో చేతికి కొత్తది పెట్టుకోవాలి. కుర్రాడికి ఇదంతా చెబితే, “అయితే మీరు చాక్లెట్ తింటే దానికి తెలిసిపోతుందా?” అన్నాడు. తెలిసిపోతుంది నాయనా. దానికి తెలిస్తే ఫోనుకి తెలుస్తుంది, ఫోనుకి తెలిస్తే బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి తెలుస్తుంది. ఇదివరకు నేను దాని వెనక పడి “తిన్నావా” అని అడిగేదాన్ని. ఇప్పుడది ఫోన్ చేసి “ఏం తిన్నావు” అంటోంది.

నాకు షుగరు వచ్చి 14 ఏళ్ళు. పొద్దున ఒక ఇన్సులిన్, రెండు రకాల మాత్రలు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తే ఎప్పుడూ బాగానే ఉండేది. బాగానే ఉంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం వంటింట్లో కుక్కరు పట్టుకుని నిలబడిపోయాను, మూత ఎటు తిప్పాలో తెలియలేదు. అప్పుడు డాక్టరుగారు ఈ బిళ్ళ పెట్టించారు. సగటులో కొండలూ లోయలూ కలిసిపోయి మైదానంలా కనిపిస్తాయట. పెట్టించిన వారంలోనే మా ఇంటి కొండలూ లోయలూ బయటపడ్డాయి. ఇడ్లీని అమాయకురాలనుకునేదాన్ని. నాలుగు ఇడ్లీలకు 240కి ఎక్కి కూర్చునేది అంకె. పెసరట్టుకి 165 దాటేది కాదు. ఇవి నా అంకెలు, మీవి వేరు. మా ఆడపడుచు ఒంటికి ఇడ్లీ ఏమీ చెయ్యదు, మామిడిపండు ఆవిణ్ణి ముంచుతుంది.

మొదటి సెన్సర్‌ని తొమ్మిదో రోజునే జాకెట్టు విప్పుతూ పీకేసుకున్నాను. ఐదు వేలకు అటూ ఇటూ ఉండే వస్తువు, జిగురు కాగితంతో సహా చేతిలోకొచ్చింది. ఏడుపొచ్చింది. మర్నాడు ఆరు జాకెట్లు పట్టుకెళ్ళి ఎడమ చేతులు వదులు చెయ్యమన్నాను. “ఒక్క చెయ్యేనా అమ్మా?” అన్నాడు టైలరు అనుమానంగా. బిళ్ళ చేతులు మారుతుందని నాకే తట్టలేదు. ఆ పుణ్యాత్ముడు అడక్కపోతే పదహారో రోజున మళ్ళీ వెళ్ళేదాన్ని.

రైల్లో రాత్రి భోజనానికి ఇంటి పులిహోర. దాంతో నాకు పాత పరిచయమే, గంటన్నర తిరిగేసరికి 230 దాటిస్తుంది. అందుకని ముందు కీరదోస ముక్కలు, ఉడకబెట్టిన శనగలు తిని, ఆ తరవాత గరిటెడు పులిహోర పెట్టుకున్నాను. 178 దగ్గర ఆగింది. మా ఆయనకి ఫోను చూపించి మరీ చెప్పాను. ఆయన మూడో వాయి పులిహోర పెట్టుకుంటూ, “శభాష్” అన్నారు.

ఒంగోలు దాటాక ఫోను గొంతు చించుకుంది. మిడిల్ బెర్తులో లేవబోయి పై బెర్తుకి తల కొట్టుకున్నాను. తెర మీద 58, ఎర్రగా. “ఎవరిదండీ ఆ ఫోను?” అని సైడు బెర్తులోంచి ఓ పెద్దాయన. పర్సులోంచి గ్లూకోమీటరు తీసి, చీకట్లో సెల్లు వెలుగులో వేలు పొడుచుకుంటే 121. చెయ్యి చూసుకున్నాను. ఎడమ వైపు ఒత్తిగిలి, బిళ్ళ మీదే పడుకున్నాను. చెయ్యి నలిగితే అక్కడ రక్తం ఆడదు, చర్మం కింది నీటికి కొత్త చక్కెర అందదు. బిళ్ళ ఉన్న చోట మాత్రమే షుగరు పడిపోతుంది, ఒంట్లో కాదు. ఇంట్లో ఆ వైపు దిండు పెట్టుకుని పడుకుంటాను. మిడిల్ బెర్తులో దిండుకి చోటేది? మిగిలిన రాత్రంతా వెల్లకిలా, దక్షిణ మధ్య రైల్వే ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

తిరుపతిలో దిగి స్నానాలు చేసి, రెండిడ్లీ, ఒక గారె తిని అలిపిరి చేరేసరికి ఏడైంది. పాదాల మండపం దగ్గర అంకె 152, బాణం అడ్డంగా. ఈ బాణమే అసలు విద్య. అంకె ఇప్పుడెక్కడున్నావో చెబుతుంది, బాణం ఎటు పోతున్నావో చెబుతుంది. మీటరుతో వేలు పొడుచుకున్న రోజుల్లో నాకు అంకె ఉండేది, బాణం ఉండేది కాదు. 110 చూసి హాయిగా నిద్రపోయిన రాత్రుల్లో ఎన్నింటిలో ఆ 110 కిందికి జారుతూ ఉందో.

అలిపిరి దారి 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. కొండెక్కే రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, ఏ మాత్ర మానాలో డాక్టరుగారితో ముందే మాట్లాడుకున్నాను. బిళ్ళ మీద వెడల్పాటి ప్లాస్టరు అంటించాను. చెమటకి దాని జిగురు లేచిపోతుంది. చేతి సంచిలో రెండు గ్లూకోజు ప్యాకెట్లు, మీటరు. మా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతోంది. ఆవిడ వంగి లేచే లయలోనే నేనూ కాసేపు ఎక్కాను. 500 మెట్లకి 140. వెయ్యికి 118, బాణం ఏటవాలుగా కిందికి.

అసలు పరీక్ష గాలిగోపురం కింది మెట్ల మీద. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి. ఒళ్ళంతా చెమట, కాళ్ళలో వణుకు, గుండె దడ. ఇవన్నీ షుగరు పడిపోయిందనడానికి గుర్తులని ఏ డాక్టరైనా చెబుతాడు. చుట్టూ చూస్తే మెట్ల మీదున్న నూటికి నూరుమందికీ చెమటే, వణుకే, దడే. పాతికేళ్ళ కుర్రాళ్ళు పిట్టగోడ పట్టుకుని ఒగరుస్తున్నారు. నాది ఆయాసమా, షుగరా? ఒంటిని అడిగితే చెప్పే పరిస్థితి లేదు. ఫోను చెప్పింది: 76, బాణం నిట్టనిలువుగా కిందికి. అంటే నిమిషానికి 2 కన్నా వేగంగా పడిపోతోందని లెక్క.

మెట్టు మీద కూలబడి, ఒక ప్యాకెట్టు చింపి నోట్లో పోసుకున్నాను. సూత్రం తెలిసిందే. 15 గ్రాముల గ్లూకోజు, 15 నిమిషాల ఓపిక. మా ఆయన గొడుగు మడిచి నా పక్కన కూర్చుని ఫోను అందుకున్నారు. 71. కాసేపటికి 67.

“తగ్గుతోందే!”

“ఆగండి, అది వెనక నడుస్తుంది.”

“64!”

రక్తంలో చక్కెర మారిన అయిదు, పది నిమిషాలకి గాని చర్మం కింది నీటిలో తెలియదు. మామూలు రోజుల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. కొండలా ఎక్కేటప్పుడూ, బండలా పడేటప్పుడూ మాత్రం బిళ్ళ చెప్పేది పాత కబురే. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకీ పదిసార్లు చెప్పాను. కానీ భార్య ముఖం పాలిపోయి, తెర మీద అంకె తగ్గుతుంటే ఎవరి చదువు వాళ్ళకి ఆగుతుంది? రెండో ప్యాకెట్టు కూడా చింపి నా నోటి ముందు పెట్టారు. ఇంతలో అమ్మాయి ఫోను: “అమ్మా, 64 చూపిస్తోంది, ఎక్కడున్నావ్?” మెట్ల మీదున్నానే తల్లీ, మీ నాన్న నాకు గ్లూకోజు కుక్కుతున్నారు.

మీటరు తీశాను. వేలు పొడిచేముందు నీళ్ళతో శుభ్రంగా కడుక్కుని తుడుచుకున్నాను. గ్లూకోజు పొడి అంటిన వేలిని పొడిస్తే మీటరు ఆ పొడినీ లెక్కేసి 300 చూపిస్తుంది. ఒకసారి అలా మోసపోయి ఉన్నాను. 92 వచ్చింది. రక్తం అప్పటికే లేచి నిలబడింది, బిళ్ళకి ఇంకా కబురు అందలేదు. అయినా ఆ రెండో ప్యాకెట్టు ఆయన కోసం తినేశాను. మొగుడి కంగారుకి మందు లేదు మరి.

గాలిగోపురం తరవాత దారి దయ తలచింది. జింకల పార్కు దగ్గర మజ్జిగ తాగి, తీరిగ్గా నడిచాం. కానీ మోకాళ్ళ పర్వతం మొదలయ్యేసరికి ఏమీ తినకుండానే 214! రెండో ప్యాకెట్టు పనా, లేక ఒళ్ళు గట్టిగా కష్టపడితే కాలేయం తన నిల్వలోంచి చక్కెర వదులుతుందంటారు, అదా? రెండూ కావచ్చు. నేను మాత్రం రెండో ప్యాకెట్టు మీదే పెట్టాను, ఆయన వింటూండగా.

ఆ మెట్ల మీద మోకాళ్ళతో ఎక్కేవాళ్ళని చూస్తూ అన్నమయ్య కథ గుర్తు చేసుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇంట్లో చెప్పకుండా కొండకి బయల్దేరి, ఇక్కడికొచ్చేసరికి ఆకలితో సొమ్మసిల్లి పడిపోతే, అలమేలుమంగ వచ్చి ప్రసాదం తినిపించిందని, చెప్పులు విడిచి ఎక్కమందని చెబుతారు. చిన్నప్పుడు ఆ కథలో నాకు చెప్పులే కనిపించేవి. ఇప్పుడు ఆ సొమ్మసిల్లడం కనిపిస్తోంది. పొద్దుటి నుంచీ తిండి లేదు, ఏడు కొండల నడక. అమ్మవారు ముందు తిండి పెట్టి, పాఠం తరవాత చెప్పింది. ఆ వరస నాకు బాగా నచ్చింది.

మా ఆయన తలనీలాలూ, పుష్కరిణి స్నానమూ అయ్యాయి. బిళ్ళ ఒక మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని కంపెనీ కాగితంలో ఉన్నా, ప్లాస్టరు మీద నమ్మకం చాలక నేను నెత్తిన నీళ్ళు చల్లుకుని ఊరుకున్నాను. సాయంత్రం నాలుగుంబావుకి సర్వదర్శనం వరసలోకి. లోపలికి ఫోన్లు కూడదు. కౌంటర్లో ఫోన్లూ సంచులూ ఇచ్చి, రసీదు కొంగున ముడేసుకున్నాను. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్టుమెంటు గేటు పడ్డాక గానీ గుర్తు రాలేదు, మీటరు కూడా సంచిలోనే ఉండిపోయిందని. గ్లూకోజు ప్యాకెట్లు మెట్ల మీదే అయిపోయాయి. కొండ మీద ఎన్ని దుకాణాలు లేవు, ఒక్కటి కొనాలన్న బుద్ధి పుట్టలేదు. పైగా ఒంటికి బాగా పనిచెప్పిన రోజు, అలిసిన కండలు రాత్రిదాకా రక్తంలోంచి చక్కెర లాగుతూనే ఉంటాయి. ఇంట్లో ఉంటే ఆ రాత్రి రెండుసార్లు లేచి చూసుకునేదాన్ని.

బిళ్ళ మాత్రం చేతికే ఉంది. కొలుస్తూనే ఉంది. ఫోను దగ్గర లేకపోతే కొలిచినదంతా తనలోనే దాచుకుంటుంది, కాకపోతే 8 గంటల పాటే. ఆపైన కొత్తది రాసుకోవడానికి పాతది చెరిపేస్తుంది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి రకం యంత్రం రోగికి అంకె చూపించేదే కాదు. మూడు రోజులు తనలో తను రాసుకుని, ఆ తరవాత డాక్టరుకి చెప్పేది. ఆ రాత్రి నా చేతికున్నదీ అలాంటిదే అయింది.

అలవాటుగా పర్సు కోసం చెయ్యి వెళ్ళడం, ఖాళీగా రావడం. పది నిమిషాలకోసారి ఇదే వరస. పక్కన కూర్చున్న పెద్దావిడ గమనించింది. రాయచోటి దగ్గర పల్లె. డెబ్భై దాటి ఉంటాయి.

“ఏందమ్మా అది చేతికి? టీకా ఏసినారా?”

చెప్పాను. శ్రద్ధగా విని, “నాకూ ఉండాది చక్కెర జబ్బు, ఇరవై ఏండ్లు. అది లేకపోతే నీకు తెలీదా?” అంది.

“మీకెలా తెలుస్తుంది పెద్దమ్మా?”

“పెదిమలు జివ్వుమంటాయి. నాలిక మందమైతాది. ఎవురు పలకరిచ్చినా కొట్టబుద్ధి అయితాది.” పమిట కొంగు ముడి విప్పి చూపించింది. బెల్లం ముక్కలు, కాగితంలో చుట్టి. “అప్పుడు ఒకటి నోట్లో ఏసుకుంటా.”

మూడోది విని నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో ఆ గుర్తు నాకన్నా ముందు మా ఆయనే కనిపెడతారు. ఇక కబుర్లలో పడ్డాం. వాన రాక వేరుసెనగ పోయిన సంగతి, కొడుకు ఉద్యోగం, ఆ తరవాత కోడలి పురాణం. వేరు కాపురం, ఆస్తి పంపకం, పెరుగు దగ్గర తగువు. తీరిగ్గా గోడకానుకుని మొత్తం విన్నాను. మధ్యలో సేవకులు ఉప్మా, పాలు పంచారు. చక్కెర పాలు ఆవిడ వద్దంది, నేనూ వద్దన్నాను. ఉప్మా ఎంత తినాలో లెక్క తెలియక సగం తిని, సగం మా ఆయన దొన్నెలో వేశాను.

తొమ్మిదిన్నరకి చేతులు వణికాయి. గట్టిగానే వణికాయి. పెదవులు జివ్వుమన్నాయో లేదో, ఆవిడ చెప్పాక జివ్వుమన్నట్టే ఉంది. మా ఆయన లేచి నిలబడి సేవకుల కోసం చూస్తున్నారు. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ముడి విప్పి, పెద్ద ముక్క తీసి, నా నోట్లో తనే పెట్టింది. ఆవిడ వేళ్ళకి విభూది వాసన.

గేటు తీసింది పదకొండింటికి. తోపులాట, గోవిందనామాలు, వెండి వాకిలి, “జరగండి, జరగండమ్మా” అన్న కేకలు. జయవిజయుల దగ్గర నుంచి ఆ మూర్తిని చూసింది ఎన్ని సెకన్లో చెప్పలేను. బిళ్ళ దాచుకునే లెక్క 15 నిమిషాలకి ఒక చుక్క. ఆ దర్శనం ఏ చుక్కలోనూ పట్టి ఉండదు.

లడ్డూలు తీసుకుని ఫోన్లు అందుకునేసరికి ఒంటిగంటా నలభై. ఆన్ చెయ్యగానే అమ్మాయివి 11 మిస్డ్ కాల్స్. ముందే చెప్పినా సరే, సిగ్నల్ పోయిందన్న కబురు చూసి ఉండబట్టలేదట. దానికి ధైర్యం చెప్పి, అక్కడే అరుగు మీద కూర్చుని ఫోను బిళ్ళకి ఆనించాను. గీత గీసుకుంటూ వచ్చింది. నాలుగుంబావు నుంచి అయిదూ నలభై దాకా ఖాళీ. ఎనిమిది గంటల కిందటిది కనక చెరిగిపోయింది. తొమ్మిదిన్నర చూశాను. 131! చదునుగా, బల్లపరుపుగా. ఆ వణుకు ఆకలిదో, భయానిదో, ఉక్కపోతదో. బెల్లానికి 168కి వెళ్ళి, మళ్ళీ దిగింది.

ఆ గీతలో లోయ ఒకటి ఉంది. ఏడూ పది నుంచి ఏడూ యాభై దాకా, అడుగున 63. ఆ సమయంలో నాకు ఏ వణుకూ లేదు, ఏ దడా లేదు. ఇది తలుచుకుంటే గుండె ఝల్లుమంది. అంత పడిపోయినా ఒంటికి తెలియలేదంటే, డాక్టరుగారు నన్ను హెచ్చరించిన స్థితి అదే.

కొడుకు కోసం ఎదురుచూస్తూ పెద్దమ్మ ఆ అరుగు చివరే కూర్చుని ఉంది. “ఏమి రాసినాదమ్మా నీ బిళ్ళ?” అంటూ జరిగి వచ్చింది. చూపించాను. గుంత మీద వేలు పెట్టి, “ఇదెప్పుడు?” అంది.

“ఏడున్నరప్పుడు. మీరు కోడలి సంగతి చెబుతున్నారు చూడండి, అప్పుడు. శ్రద్ధగా వింటున్నానే, ఏమీ తెలియలేదు.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది.

“ఏం వింటివమ్మా నువ్వు! ఆ చెయ్యి గోడకి ఆనిచ్చి గుర్రు పెడ్తాంటివి. పెరుగు కాడికి వచ్చేటప్పటికి లేసినావు.”

మా ఆయన పక్కనే లడ్డూ కవరు విప్పుతున్నారు, తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చెయ్యి వెనక్కి తిప్పి చూసుకున్నాను. ప్లాస్టరు అంచున గోడ సున్నం, తెల్లగా, అరచెయ్యంత మేర.